పెద్దయ్యాక వాడే ఎంచుకుంటాడా?



నాలుగేళ్ళ క్రితం మా విచారణలో ఒక తండ్రిని, కుమారుని పేరు భద్రమైన అభ్యంగనానికి ఇమ్మని అడిగాను. "వాడిని బలవంతపెట్టను ఫాదర్ గారూ. పెద్దయ్యాక వాడే ఎంచుకుంటాడు" అన్నారు. మర్యాదగానే అన్నారు. నాకే కోపం వచ్చి, శ్రీసభ నియమం వల్లించి పంపివేశాను.

ఆ రాత్రి ఆలోచిస్తే ఆయన మాటలో నిజం లేకపోలేదనిపించింది. విశ్వాసం వీలునామా రాసి అప్పగించే పొలం కాదు. విశ్వసించడం స్వేచ్ఛతో చేసే పని అని పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలోనే చెప్పారు. అన్యమతస్థుల పసిబిడ్డలకు తల్లిదండ్రుల ఇష్టానికి విరుద్ధంగా జ్ఞానస్నానం ఇవ్వడం సహజ న్యాయానికి విరుద్ధమని కూడా వాదించారు. అయితే దానికి ఆయన చూపిన కారణం గమనించండి: బుద్ధి వికసించేవరకు బిడ్డ తల్లిదండ్రుల సంరక్షణలో ఉంటాడు. మరి ఆ సంరక్షణలో మనం ఏమి పెడుతున్నాం?

ఆ తండ్రే తరువాత కుమారుణ్ణి ఎం.పి.సి.లో చేర్చారు. ఇష్టమేనా అని అడగలేదు. ఆదివారం సరిగ్గా పూజ వేళకే పరీక్ష పెట్టే కోచింగుకు పంపినప్పుడూ అడగలేదు. నేను ఆయన్నొక్కరినే అనడం లేదు, మన ఇళ్ళు చాలావరకు ఇంతే.

పునీత అగుస్తీను జీవితం చూడండి. 354లో పుట్టారు. తల్లి మోనికమ్మ ఆయనకు పసితనంలో జ్ఞానస్నానం ఇప్పించలేదు. ఆయన ఎన్నో దారులు తిరిగి, చివరకు 387లో మిలాను నగరంలో జ్ఞానస్నానం పొందారు. పందొమ్మిదేళ్ళ వయసులో సిసెరో గ్రంథం చదివి ఉప్పొంగిపోయినా, అందులో క్రీస్తు నామం లేదన్న వెలితి ఆయన్ను వదల్లేదట. ఆ నామాన్ని తల్లి పాలతోనే తాగానని తన ఆత్మకథలో రాసుకున్నారు. ఎంచుకునే రోజు వచ్చేసరికి ఆయనకు ఒక రుచి తెలిసి ఉంది. ఆ రుచే ఎరుగని బిడ్డ దేనిని ఎంచుకుంటాడు?

నేను సెమినరీలో దేవుని ఉనికికి అక్వినాసు చూపిన ఐదు మార్గాలూ చదివాను, మార్కులూ బాగానే వచ్చాయి. కాని ప్రార్థించడం నేర్చుకున్నది, రాత్రి జపమాల వేళ అక్షరం రాని మా అమ్మ ఒడిలో కునికిపాట్లు పడుతూనే.

ఆ కుర్రవాడు ఇప్పుడు హైదరాబాదులో హాస్టలులో ఉన్నాడు. మొన్న తండ్రి వచ్చి, "మీరొకసారి ఫోను చేసి, పూజకు వెళ్ళమని చెప్పండి ఫాదర్ గారూ" అన్నారు.

"మీరే చెప్పండి" అన్నాను.

ఆయన చాలాసేపు తలవంచుకుని కూర్చున్నారు. "నేనే రావడం లేదు కదండీ" అన్నారు.