ఎవరి గుర్రానికి ఏమైంది?

సెంటినరీ కాలనీలో మిద్దె ఎక్కి చూస్తే రామగిరి ఖిల్లా గుట్టలు కనబడతాయి. ఆ ఖిల్లాలో ఒక దొర ఉండేవాడు. ఏ కాలపు దొర, ఏ వంశం అని అడక్కండి, కథలో దొర. కొత్తగా కొలువులో చేరిన కుర్రాళ్లకు ఆయన ఒక పందెం పెట్టాడు. నలుగురేసి రెండు జట్లు. పొద్దు పొడుస్తూనే ఖిల్లా కింద గుర్రాలెక్కి మంథని, కాటారం మీదుగా, మహదేవ్‌పూర్ అడవి దాటి కాళేశ్వరంలో ప్రాణహిత గోదావరిని కలిసే చోటికి చేరాలి. ఎనిమిది మందిలో ఒక్కడు కూడా అంతకుముందు ఊరి పొలిమేర దాటి గుర్రాన్ని తోలినవాడు కాదు.

షరతులు రెండు. మంథనిలో, కాటారంలో గుర్రాల వైద్యుడి మనుషులు కూర్చుని ఉంటారు. గుర్రం ఎడమ ముందుకాలి మోచేతి వెనక చెయ్యి పెట్టి గుండె ఎంత జోరుగా కొట్టుకుంటున్నదో లెక్కపెడతారు. అది నెమ్మదించేదాకా కదలనివ్వరు. ఇక రెండోది, నాలుగు గుర్రాలూ ఏ దెబ్బా లేకుండా చేరితేనే జట్టు చేరినట్టు. ముగ్గురు చేరి ఒకడు ఆగిపోతే ఎవరూ చేరనట్టే.

మొదటి జట్టుకు పెద్ద దొర మేనల్లుడు. నల్లగుర్రం, వెండి కళ్లెం. ఎక్కబోతూ ఒక్కటే మాట చెప్పాడు.

"మన జట్టుల వెనకవడేటోడు ఉండొద్దు."

మంథనిలో వీళ్లు గుర్రాల మెడల మీద గోదావరి నీళ్లు కుమ్మరించారు. గుండెలు చప్పున దిగాయి. వైద్యుడి మనిషి తలూపాడు, జట్టు దూసుకుపోయింది. రెండో రౌతు గుర్రానికి లాడం మేకు ఒకటి వదులైంది. వాడికి ఆ టకటక వినబడుతూనే ఉంది, చెప్పలేదు. మూడోవాడి గుర్రానికి జీను కింద తోలు ఒరిసింది. వాడు జీను విప్పి చూడనేలేదు, చూస్తే చెప్పాల్సి వస్తుంది. నాలుగోవాడికి తన తొడలే పుండ్లయ్యాయి. నల్లగుర్రం సంగతి ఇంకా విచిత్రం. పొద్దున్నుంచి అది నీళ్లు ముట్టలేదు. మేనల్లుడు అది గమనించాడు కూడా. వెనకబడేటోడు ఉండొద్దన్నవాడు తన గుర్రమే దాహానికి ఎండుతున్నదని ఏ నోటితో చెబుతాడు?

రెండో జట్టులో అందరికంటే చిన్నవాడు ఎరువు తెచ్చుకున్న ముసలి ఆడగుర్రం మీద వచ్చాడు. మంథనిలో మిగతా మూడు గుర్రాలూ సర్దుకున్నాయి. దీనిది సర్దుకోలేదు.

"అన్నా, నా గుర్రం గుండె ఇంకా దిగలే."

"పొద్దుగాల్నే మొదలువెట్టిండు" అని ఒకడు గొణిగాడు. చేసేదేం లేక నలుగురూ చింతచెట్టు కింద కూలబడ్డారు. పని లేని మనిషి చెయ్యి ఊరుకోదు కదా. గొణిగినవాడే తన గుర్రం కాలు ఎత్తి చూశాడు. గిట్టలో రాయి. ఇంకొకడు జీను కింద చెయ్యి పెట్టి, "నాది గూడ రాసుకుంటున్నదిరా" అన్నాడు. నాలుగోవాడు సిగ్గుపడుతూ, "గుర్రం మంచిగనే ఉన్నది. నాకే తొడలు ఒరిసినయ్" అన్నాడు. పడీ పడీ నవ్వారు. రాయి తీశారు, జీను కింద దుప్పటి మడత పెట్టారు. తొడలవాడు నడుస్తానంటే, కాటారం దాటాక ఎండలో నలుగురూ దిగి పగ్గాలు పట్టుకుని నడిచారు.

మొదటి జట్టు పొద్దుండగానే కాళేశ్వరం చేరింది. డప్పులు మోగాయి. వైద్యుడు మాత్రం డప్పులు ఆపించి, ఒక్కొక్క గుర్రాన్నీ పగ్గం పట్టి చదును నేల మీద ఉరికించమన్నాడు. ఒకటి కుంటింది. ఒకటి వీపు మీద చెయ్యి వేస్తే వంగిపోయింది. నల్లగుర్రం మెడ మీద తోలు గిల్లి వదిలితే ముడత ముడతగానే నిలబడింది. మూడూ పనికిరావని తేల్చేశాడు.

"ఒక్కడన్న చెప్పలేదేందిరా!" అని మేనల్లుడు అరిచాడు.

పగ్గాలు పట్టుకున్న ముసలి సాయీసు అన్నాడు, "ఎవలడిగిండ్రు దొరా?"

రెండో జట్టు దీపాలు పెట్టాక వచ్చింది. గుర్రాల ముందు నడుచుకుంటూ వచ్చారు. నాలుగు గుర్రాలూ పరీక్షలో నిలిచాయి. గెలుపు వాళ్లదే. విందు మాత్రం అప్పటికే అయిపోయింది, మిగిలింది చల్లారిన అన్నం, అడుగంటిన పప్పు.

నీతి.

ఇక్కడ మామూలుగా నిదానమే ప్రధానం అని చెప్పి పిల్లల్ని పడుకోబెడతారు. నాకది చాలదనిపిస్తుంది. రెండో జట్టు నిదానం వల్ల గెలవలేదు. మంథనిలో ఒకడు ముందుగా నోరు విప్పాడు, దాంతో మిగతా ముగ్గురికీ నోరు విప్పడం తేలికైంది. ఈ కథలో నీతి అదే. మొదటి మాటకు ఖరీదెక్కువ, ఆ తర్వాతివి దాదాపు ఉచితం. వెనకబడేవాడు ఉండొద్దని శాసించిన జట్టులో వెనకబడడం ఏమీ ఆగదు, దాచిపెట్టడం మొదలవుతుంది.

దూరాల గుర్రప్పందేలను ఆటగా నడిపేవాళ్లు ఈ సంగతి ఎప్పుడో పసిగట్టారు. కాలిఫోర్నియాలో 1955లో మొదలైన టెవిస్ కప్‌లో 100 మైళ్లు 24 గంటల్లో దాటాలి. పూర్తిచేయడమే గెలవడం అనేది అక్కడి మాట. అంతర్జాతీయ పోటీల్లో దారి మధ్య పశువైద్యుల మజిలీలుంటాయి. గుర్రం గుండె నిమిషానికి 64 సార్లకు దిగితేనే ముందుకు. జట్టు పోటీల్లో కనీసం ముగ్గురి గుర్రాలైనా చివరిదాకా నిలవాలి. గుర్రం తనకేమైందో చెప్పుకోలేదు కనుక దాని గుండెను అడుగుతారు. మనిషి దగ్గరికి వచ్చేసరికి, నోరుంది కదా చెబుతాడులే అని వదిలేస్తాం.

బొగ్గుబాయిల దగ్గర పెరిగినవాళ్లకు ఈ కథ గుర్రాల కథలా వినబడదు. యైటింక్లయిన్ కాలనీలోని రెస్క్యూ స్టేషన్‌లో కొత్తగా శిక్షణకు వచ్చిన కుర్రాళ్లను తలుచుకోండి. రెస్క్యూ జట్టు కూడా ఒకే ప్రాణిలా కదలాలి. ఒక్కడికి ఊపిరి ఇబ్బందైతే అందరూ వెనుదిరగాలి. వీపు మీద దాదాపు 15 కిలోల ఆక్సిజన్ యంత్రం. డ్రేగర్ బీజీ-4 లాంటిదైతే నాలుగు గంటలు పనిచేస్తుంది. విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును మందు పీల్చేసుకుంటుంది, మిగిలిన గాలికి ఆక్సిజన్ కలిసి మళ్లీ ముక్కుకే చేరుతుంది. అందరి సిలిండర్లూ ఒకే కొలతతో నిండినా అందరి ఊపిరీ ఒకటి కాదు. భయపడ్డవాడు, బరువు మోసినవాడు ఎక్కువ తాగేస్తాడు. అందుకే కెప్టెన్ ఆగి ఆగి అందరి మీటర్లూ చూస్తాడు. ఎవరి ముల్లు అందరికంటే కిందికి దిగిందో, తిరుగు ప్రయాణం ఎప్పుడన్నది ఆ ముల్లే తేలుస్తుంది. కండలు తిరిగినవాడి మీటర్‌లో ఎంత మిగిలినా లెక్కలోకి రాదు.

అఖిల భారత గనుల రెస్క్యూ పోటీలకు వెళ్లే జట్లు ప్రథమ చికిత్స, సిద్ధాంత పరీక్ష, గనిలో చిక్కిన మనిషిని బయటికి తేవడం, ఇలాంటివన్నీ నెలల తరబడి సాధన చేస్తాయి. రామగుండం ఎండలో ఆ సాధన చూస్తేనే చెమట పడుతుంది. స్ట్రెచర్ మోయడం నేర్పగలం, ముడులు నేర్పగలం. "అన్నా, నాతోని అయితలేదు" అనడం ఎట్లా నేర్పుతాం?

ఈ గడ్డ మీద అది మరీ కష్టం. ఇంకా పర్మినెంట్ కాని బదిలీ వర్కర్‌గా బాయిలో దిగిన కుర్రాడి కన్ను మస్టర్ల మీద, అంటే హాజరు పడిన రోజుల మీద ఉంటుంది. భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు నిండితేనే పర్మినెంట్ దారి. మోకాలు నొప్పి అంటే ఒక మస్టర్ పోయినట్టే. తండ్రి ఉద్యోగం కొడుక్కు వచ్చిన ఇంట్లోనైతే ఆ నొప్పి తల్లికి కూడా చెప్పరు. అలా మూడేళ్లు నొప్పి మింగడం నేర్చినవాడిని రెస్క్యూకు తెచ్చి, ఇక్కడ మాత్రం ఏదీ దాచకు అంటే, వాడి నాలుక ఒక్కరోజులో తిరుగుతుందా? నియమాలు రాసి గోడకు అంటిస్తే సరిపోదు. ముందు ఎవరో ఒకరు పరువు పోగొట్టుకోవాలి. ఆ పోగొట్టుకునేది చిన్నవాడే ఎందుకవ్వాలన్నది నా పేచీ. మంథనిలో ఆ పిల్లవాడు లేకపోతే రెండో జట్టు గతి కూడా మొదటి జట్టు గతే అయ్యేది.

కథలో ఒక తోక మిగిలింది. మరుసటి ఏడు మళ్లీ పందెం, మళ్లీ కొత్త కుర్రాళ్లు. దొర మేనల్లుడే ఈసారీ ఒక జట్టుకు పెద్ద. మంథనిలో నాలుగు గుర్రాల గుండెలూ సర్దుకున్నాయి, వైద్యుడి మనిషి పొమ్మన్నాడు. మేనల్లుడు కదల్లేదు.

"ఎవని గుర్రానికి ఏమైందిరా?"

ముగ్గురూ నేల చూపులు చూశారు. ఎవరూ పలకలేదు. వాడు కాసేపు చూసి, మెల్లగా గుర్రం దిగి, నడుం పట్టుకుని చింతచెట్టు మొదట్లో కూలబడ్డాడు.

"నాకే నడుం వట్టేసింది. జరసేపు కూసుందాం."

నిజంగా పట్టేసిందో లేదో సాయీసుకు కూడా తెలియదు. ముందు ఒకడు దిగాడు, తర్వాత ఇంకొకడు. మూడోవాడు గుర్రం మీదే కొంతసేపు తటపటాయించి, "దొరా, నా గుర్రం ఎడమ కాలు ఒక్కసారి చూస్తరా" అన్నాడు.