ఇఫ్ వాక్యంలో దోషం, తాత్పర్యం

పదాలు కలిసి వాక్యార్థాన్ని ఇవ్వడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు కారణాలు కావాలని న్యాయదర్శనం చెబుతుంది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో వీటిని వివరించాడు. ఒక పదం తన అర్థం పూర్తికావడానికి మరో పదాన్ని కోరడం ఆకాంక్ష. పదార్థాల మధ్య పొంతన యోగ్యత. పదాలు ఎడం లేకుండా ఉండటం సన్నిధి. 1995లో వెలువడిన పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో షరతు వాక్యాలను సరిదిద్దేవారికి ఈ విభజన దారి చూపుతుంది.

ఇఫ్ అనే పదం బ్రాకెట్ల మధ్య ఒక షరతును కోరుతుంది. తెరిచిన బ్రాకెట్ మూసే బ్రాకెట్‌ను కోరుతుంది. ఆ ఆకాంక్ష తీరకపోతే, కోడ్ వ్యాకరణాన్ని చూసే పార్సర్ ఆగిపోయి, తరచు ఊహించని గుర్తు ఎదురైందని చెబుతుంది. అది చూపే లైను లోటు బయటపడిన చోటు; లోటు పుట్టిన చోటు తరచు అంతకు పైనే ఉంటుంది. అందుకే అక్కడి నుంచి పైకి చదువుతూ, ప్రతి బ్రాకెట్‌కూ జోడీ ఉందో లేదో చూడాలి.

షరతు ముగియగానే పొరపాటున సెమీకోలన్ పెడితే సన్నిధి చెడుతుంది. కింది బ్లాకుకు షరతుతో సంబంధం తెగి, అది ప్రతిసారీ నడుస్తుంది. ఆ తర్వాత ఎల్స్ వస్తేనే పార్సర్ అభ్యంతరం చెబుతుంది.

యోగ్యతాలోపం ఇంకా సూక్ష్మం. 2020లో పీహెచ్‌పీ 8 వచ్చేదాకా, సున్నాను అంకెతో మొదలుకాని పదంతో రెండు సమాన చిహ్నాలు పెట్టి పోలిస్తే రెండూ సమానమనే ఫలితం వచ్చేది. వ్యాకరణం నిర్దుష్టం, పొంతన శూన్యం.

విశ్వనాథ పంచాననుడి న్యాయసిద్ధాంతముక్తావళి అనే గ్రంథం వక్త ఉద్దేశాన్ని తెలుసుకోవడాన్ని, అంటే తాత్పర్యజ్ఞానాన్ని కూడా కారణాల్లో చేర్చింది. పోలికకు రెండు సమాన చిహ్నాలు కావలసిన చోట ఒక్కటే రాస్తే, పీహెచ్‌పీ కుడివైపు విలువను ఎడమవైపు వేరియబుల్‌లో ఉంచుతుంది. ఆ విలువ సత్యంగా లెక్కకు వచ్చేదైతే షరతు ఎప్పుడూ నెరవేరుతుంది. పార్సర్‌కు అందులో దోషం కనబడదు. వాక్యం నియమాలన్నీ పాటించింది; దెబ్బతిన్నది రాసినవారి ఉద్దేశం.

కనుక రూపశుద్ధి అర్థానికి అవసరమే కాని, అదొక్కటే చాలదు. ఎర్రర్ పోయాక షరతు నిజమైనప్పుడు, అబద్ధమైనప్పుడు ఏం జరుగుతుందో రెండు దారులూ నడిపి చూడాలి. ఏం జరగాలో తెలిసింది రాసినవారికే కాబట్టి, ఆ పరీక్ష బాధ్యత కూడా వారిదే.