దండం పెట్టుకునే దీపం పుట్టిన ఊళ్లో

వేసవి వస్తే అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మన పెద్దవాళ్ల సందడి మొదలవుతుంది. విజిటర్ వీసా మీద ఆర్నెల్లకని వచ్చిన అమ్మానాన్నలు ఓక్‌ట్రీ రోడ్డు దుకాణాల్లో బెండకాయలు ఏరుతూ, రూజ్వెల్ట్ పార్కులో చెరువు చుట్టూ నడుస్తూ కనిపిస్తారు. శనివారం బ్రిడ్జ్‌వాటర్‌లో వెంకన్న దర్శనం, ఒక లాంగ్ వీకెండ్‌కి నయాగరా. మిగతా రోజులు? యూట్యూబులో మన ఊరి వార్తలు, సీరియళ్లు, పొద్దుపోయేదాకా వీడియో కాల్స్. సముద్రం దాటింది ఒళ్లే. మనసు ఇంకా మన వీధి మలుపు దాటలేదు. ఇది చూస్తే నాకు బాధగా ఉంటుంది.

భాష రాదంటారు, కారు లేదంటారు. రెండూ నిజమే. కానీ చూడటానికి భాష ఎందుకు?

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకు తన 24 మంది గురువుల సంగతి చెబుతాడు. కొండచిలువ, తేనెటీగ అందరికీ గుర్తుంటాయి. నాకు మాత్రం ఆ కన్నెపిల్ల గుర్తొస్తుంది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు వండిపెడదామని లోపల వడ్లు దంచుతుంటే గాజులు మోగాయి. ఇంటి లేమి బయటపడుతుందని ఒక్కొక్కటే తీసేసి చేతికి ఒక్కటి ఉంచుకుంది, చప్పుడు ఆగింది. ఏకాంతం విలువ అవధూత నేర్చుకున్నది అక్కడ! ఆ ఊరు ఆయనది కాదు, ఆ ఇల్లూ ఆయనది కాదు. లోకం తిరుగుతూ చూశాడు, అంతే. అంతటి జ్ఞాని పరాయి ఇంటి గాజుల చప్పుడుకు చెవి ఒగ్గాడు. మనమేమో పక్కింటాయన చెయ్యి ఊపితే తల తిప్పుకుంటున్నాం.

అలా చూస్తూ తిరిగినవారు మనవాళ్లలోనూ ఉన్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న దాదాపు వంద మంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. నిష్ఠాపరుడు. స్నానాలు, శ్రాద్ధాలు, దానాలు అన్నీ జరిపించారు. అయినా ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో దేవుడితో పాటు దారీ ఉంది. ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుంది, ఏ ప్రాంతం వాళ్ల ఆచారమేమిటి, అన్నీ రాసుకున్నారు. భక్తుడికి ఇంత కుతూహలం దేనికని ఆయన అనుకోలేదు. దేవుడు చేసిన లోకాన్ని చూడకుండా గుడి నుంచి గుడికి పరుగెత్తడం ఏం యాత్ర?

మన ఇళ్లలో సాయంత్రం లైటు వెయ్యగానే దండం పెట్టుకునే అలవాటు ఉంది. ఎడిసన్ మహాశయుడి బల్బు వెలిగింది ఇక్కడే, మెన్లో పార్కు ప్రయోగశాలలో, 1879లో. ఆ అక్టోబరులో గంటల తరబడి వెలిగిన దీపంలో ఉన్నది కాల్చి బొగ్గు చేసిన నూలుదారం. మన అమ్మమ్మలు ఒత్తి చేసిన పత్తే అది! ఒకటి రెండు రోజుల్లో దొరికిన ఫలితం కాదది, ఎన్నో పదార్థాలతో చేసి చూసిన తపస్సు. ఆ ఏడాది చివరి రాత్రి ఆ వెలుగు చూడటానికి జనం రైళ్లలో తరలివచ్చారు. రారిటన్ టౌన్‌షిప్‌గా ఉన్న ఈ ఊరు 1954లో ఆయన పేరు పెట్టుకుంది. ప్రయోగశాల ఉన్నచోట, క్రిస్టీ స్ట్రీట్‌లో, నెత్తిన పెద్ద గాజుబల్బుతో స్మారక స్తంభం నిలబడి ఉంది. రోజూ ఆ దీపానికి దండం పెట్టే అమ్మలు ఆర్నెల్లు ఈ ఊళ్లోనే ఉండి, ఆ స్తంభాన్ని చూడకుండానే విమానం ఎక్కుతున్నారు.

తప్పు వాళ్లది మాత్రమే కాదు. అబ్బాయిలూ, అమ్మాయిలూ, నయాగరాకి రానూపోనూ ఒక రోజంతా డ్రైవ్ చేసే ఓపిక మీకుంది. ఆ స్తంభం దగ్గరికి ఓక్‌ట్రీ రోడ్డు నుంచి పది నిమిషాల దారి. ఈ ఆదివారం నాన్నగారిని తీసుకెళ్లండి. ఆ నూలుదారం కథ ఆయన పక్కన నిలబడి మీరే చెప్పండి. వచ్చేటప్పుడు రూజ్వెల్ట్ పార్కు దగ్గర ఆగి, రోజూ అక్కడ కూర్చునే ఇతర దేశాల పెద్దవాళ్లకు ఆయన్ని పరిచయం చెయ్యండి. మర్నాటి నుంచి ఆయనే వెళతారు.