సీసీ ఒక్కటే చూసి కారు కొనకు నాయనా

నాయనా, ఉద్యోగం రాస్ లఫ్ఫాన్‌లో, కాపురం దోహాలో కాబట్టి కారు తప్పదన్నావు. 1.2 లీటర్ల ఇంజను బండైతే పెట్రోలు కలిసొస్తుందని ఎవరో చెప్పారన్నావు. డబ్బు కట్టే ముందు నా మాట కాస్త విను.

చిన్న ఇంజను తక్కువ తాగుతుందన్న మాటలో నిజం లేకపోలేదు. దానిలో రాపిడి తక్కువ. సీ రింగ్ రోడ్డు మీద సిగ్నలు సిగ్నలుకూ ఆగుతూ పోయేవాడికి పెద్ద ఇంజను బలం చాలావరకు దండగే. ముప్పావు మూతపడ్డ త్రాటిల్ సందులోంచి గాలి లాగడానికే దానికి కొంత పెట్రోలు పోతుంది. ఊళ్ళో తిరిగేవాడికి చిన్నదే మేలు.

నీ దారి అది కాదు కదా! పోను సుమారు 80 కిలోమీటర్లు, రాను అంతే. హైవే ఎక్కితే అందరూ 120లో పోతారు. గాలి అడ్డుపడే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 100లో పోయేవాడు 120కి వస్తే అది 44 శాతం ఎక్కువవుతుంది. పైన జూలై ఎండ, లోపల ఏసీ ఫుల్లు, తోడుగా ముగ్గురు మనుషులు. లేగదూడకు రెండెడ్ల బరువు కట్టినట్టే. టర్బో ఉంటే బలం సరిపోతుందనుకుంటావేమో, గట్టిగా తొక్కినప్పుడు లోపలి వేడి తగ్గించడానికి చాలా టర్బో ఇంజన్లు అవసరానికి మించి పెట్రోలు చిమ్ముతాయి. వాటిలో కొన్నింటికి అక్కడ ప్రీమియం అనే మామూలు పెట్రోలు కాదు, సూపరే పోయాలి.

యూరప్‌లోనూ ఇదే తేలింది. మైలేజీ కొలిచే పాత పరీక్ష మెల్లగా, మెత్తగా నడిపేది కాబట్టి అందులో చిన్న టర్బోలకు మంచి మార్కులొచ్చేవి. రోడ్డెక్కాక కొన్నవాళ్ళకు ఆ మైలేజీ రాలేదు. అందుకే 2017లో పరీక్షే మార్చారు. మాజ్దా వాళ్ళు మాత్రం ఎక్కువగా టర్బో లేని రెండు, రెండున్నర లీటర్ల ఇంజన్లను సానబెట్టుకుంటూ వచ్చారు. టొయోటా క్యామ్రీ హైబ్రిడ్ సంగతి చూడు, రెండున్నర లీటర్ల ఇంజనే, అయినా ఊళ్ళో చాలా చిన్న కార్ల కంటే తక్కువ తాగుతుంది. బండి బరువు, గేరుబాక్సు, నీ కుడికాలు కలిస్తేనే మైలేజీ.

లెక్క కూడా చెప్తా. నూరు కిలోమీటర్లకు ఒక లీటరు మిగిలిందనుకో. లీటరు రెండు రియాళ్ళ చొప్పున నీకు నెలకు డెబ్బై రియాళ్ళు మిగులుతాయి. ఇంటికి పంపుకునేవాడికి అదీ డబ్బే, నేను కాదనను. కానీ ట్రక్కును దాటేటప్పుడు బండి ముందుకు దూకకపోతే ఆ డెబ్బై ఏం చేసుకుంటావు? నీ మీద ఇద్దరు పిల్లలు ఆధారపడి ఉన్నారు.

110 దాటకుండా కుడి వరసలో పో. ఎండాకాలం టైర్లలో గాలి పొద్దున్నే, బండి తీయకముందే చూసుకో. నీడ దొరకలేదని ఇంజను ఆన్‌లో పెట్టి గంటసేపు ఏసీలో పడుకోవడం మానెయ్. టెస్ట్ డ్రైవ్ కార్నిష్ మీద సాయంత్రం పూట ఇస్తామంటే వద్దను. మిట్టమధ్యాహ్నం, నలుగురు ఎక్కి, ఏసీ వేసి, అల్ షమాల్ రోడ్డు మీదకు తీసుకెళ్ళు. 120లో ఆర్‌పీఎం సూది ఎక్కడ నిలిచిందో చూసి, రాత్రికి నాకు ఫోన్ చెయ్.