తీర్థమునకు దిగువారు

హైదరాబాదు నుండి శ్రీశైలమునకు పోవు మార్గమున వటువర్లపల్లి వద్ద దారి విడిచి నల్లమల లోనికి పోయినచో మల్లెలతీర్థము వచ్చును. ఒకనాటి మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. సుమారు 350 మెట్లు దిగిన పిదప బండల నడుమ జలధార కనబడును. వానల వెనుక నిండుగా దుమికి కృష్ణను చేరబోవు ఆ ధారయే ఎండకాలమున సన్నగిలి నూలుపోగు వలె అగును.

మునులు తపమాచరించి శివసాక్షాత్కారము పొందిన తావని స్థానికులు చెప్పుదురు. వైష్ణవునకు ఇది తీర్థమగునా అని కొందరి సందేహము. అది పెద్ద ప్రశ్న కాదు. చేతనాచేతనములన్నియు భగవంతుని శరీరమేయని రామానుజ సిద్ధాంతము. అందు ఈ కొండవాగునకు మినహాయింపు లేదు. కఠినమైన ప్రశ్న వేరొకటి కలదు: తీర్థమాడ వచ్చినవాని పుణ్యమునకై ఆ నీటినే నమ్ముకొన్న ప్రాణి నష్టపోవచ్చునా?

ఆలయమున భక్తుని నడవడి ఎట్టిది? అర్చకస్వామి ఉద్ధరిణెతో పోసిన తీర్థమును ఒక్క చుక్క నేలపాలు కాకుండ పుచ్చుకొనును. తీర్థపు గిన్నెలో చేయి ముంచువాడుండడు. ఆ భక్తుడే అడవిలోని తీర్థమునకు వచ్చి సబ్బునురుగును మడుగులోనికి విడుచుట, ప్లాస్టిక్ సీసాను బండల సందున వదలుట కద్దు. తాను భగవంతునికి శేషభూతుడనని నిత్యము చెప్పుకొనువాడు ఆ భగవంతుని శరీరమునే తన వాడుకవస్తువుగా ఎట్లు తలచును?

పారు నీటికి దోషము లేదందురు. శ్రావణమాసపు ప్రవాహమునకు అది కొంత చెల్లునేమో, వైశాఖమున నిలిచిన మడుగునకు చెల్లదు. జలమున ఉమ్మివేయరాదని మనుస్మృతి నిషేధించినది. సబ్బును ఎరుగని కాలపు మాట అది.

అయినచో స్నానమే మానవలెనా? మోకాళ్ళ నొప్పితో అన్ని మెట్లు దిగిన వృద్ధురాలిని వలదనుట క్రూరత్వము. ధారక్రింద తలయొగ్గుటలో దోషము లేదు. ఒంటి మురికిని అచట కడుగుకొనుటలోనే ఉన్నది.

ఈ అడవి చెంచులది. చెంచులక్ష్మిని చేపట్టిన నరసింహుని వారు అల్లుడందురు. అహోబిలమున సంక్రాంతి తరువాత జరుగు పారువేటలో స్వామి పల్లెలు తిరిగి తన కల్యాణమునకు పిలుచును. అనగా నల్లమల స్వామికి అత్తవారిల్లు. అల్లుని పేరు చెప్పుకొని వచ్చిన బంధువు ఆ ఇంటి మంచినీళ్ళ కడవలో కాళ్ళు కడుగునా?

నేడిది అమ్రాబాద్ పులుల అభయారణ్యము. యాత్రికునకు ఇంటివద్ద బావియో కుళాయియో కలదు. జింకకు, ఎలుగునకు, పులికి వేసవిలో ఇట్టి మడుగులే దిక్కు. చివరి యాత్రికుడు మెట్లెక్కిపోవువరకు అవి పొదలమాటున వేచియుండును.