తిట్టుకు అర్థం రాయడం: నిఘంటుకారుని నైతిక బాధ్యత

నిఘంటువులో భాషలోని మాటలన్నిటికీ చోటివ్వాలా, శిష్టులు అంగీకరించిన వాటికేనా అన్నది పాత చర్చ. తిట్ల విషయంలో దీనికి మరో ప్రశ్న తోడవుతుంది: మాటను నమోదు చేయడమంటే అందులోని అవమానాన్ని ఆమోదించడమేనా? నంద్యాల జిల్లా ఆత్మకూరు ప్రాంతంలో వాడుక మాటలు సేకరిస్తున్నప్పుడు ఈ ప్రశ్న నాకు ఎదురైంది. అనేక తిట్లను నవ్వుతూ చెప్పిన ఒక వృద్ధురాలు 'ముండ' అనే మాట దగ్గర ఆగిపోయారు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. "యా మాటైనా రాసుకో నాయనా, ఇది మాత్రం రాయొద్దు. నేను సచ్చినాక గూడా ఇది బతికుంటాది" అన్నారు.

ఆమె కోరికకు శాస్త్రంలో ఆధారం దొరుకుతుందని తోస్తుంది. ఆలంకారికులు అశ్లీలాన్ని దోషంగా పరిగణించి, వ్రీడ, జుగుప్స, అమంగళం అని మూడు విధాలుగా విభజించారు. అయితే ఈ మూడూ వినేవారికి కలిగే సిగ్గుకు, రోతకు, అశుభశంకకు సంబంధించినవి. మాట ఎవరికి తగిలిందో వారి గాయానికి ఈ విభజనలో స్థానం లేదు. ఆ వృద్ధురాలి అభ్యంతరం అశ్లీలతపై కాదు, అన్యాయంపై.

మాటను వదిలేస్తే ఆ అన్యాయానికి సాక్ష్యం కూడా పోతుంది. సంస్కృతంలో 'ముండ' శబ్దానికి గుండు చేయించుకున్న అని అర్థం. వితంతువుల శిరోముండనం ఆ మాటలో నిలిచి ఉంది. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆచారాలు సడలాయి గాని మాట పోలేదు. ఒక స్త్రీ దుఃఖం స్త్రీలందరికీ వర్తించే నింద అయింది. కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ 1852 నాటి తన నిఘంటువులో వాడుక మాటలకు చోటిచ్చారు. ఆ ఔదార్యం నేటికీ అవసరమే.

అయితే చోటివ్వడంతో బాధ్యత తీరదు. అమెరికాలో నల్లజాతివారిని అవమానించే ఒక మాటకు 'నల్లజాతి వ్యక్తి' అని ముందు అర్థం చెప్పి, అవమానకరమన్న సూచనను తరువాత ఇచ్చినందుకు 1997లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువుపై నిరసన వచ్చింది. సంస్థ మాటను తొలగించలేదు. అలాంటి మాటలకు అవమానసూచనను ముందే ఇవ్వాలని 1998లో నిర్ణయించింది. ఇది కేవలం క్రమానికి సంబంధించిన మార్పు కాదు. అవమానాన్ని అర్థం వెంట వచ్చే సంగతిగా కాక, అర్థంలోనే భాగంగా గుర్తించడం.

మన పరిభాషలో చెప్పాలంటే, తిట్టులోని అవమానం అభిధకు అందదు. అన్నవారెవరు, పడ్డవారెవరు అన్నదాన్ని బట్టి అది స్ఫురిస్తుంది. మనవరాలిని 'దొంగముండ' అని ముద్దు చేసే అవ్వ నోట ఈ మాటే మురిపెం. కాబట్టి 'ముండ: వితంతువు' అన్న నిర్వచనం అసంపూర్ణమే కాదు, అనేవారి పక్షం వహిస్తుంది కూడా. 'వితంతువును కించపరుస్తూ ఇతరులు అనే మాట. ఏ స్త్రీనైనా నిందించే తిట్టు. చనువు గలచోట ముద్దుమాట' అని రాస్తే దోషం అనేవారిదని తేలుతుంది.

నా సేకరణలో ఈ మాటను ఇలాగే చేర్చాను. ఆ వృద్ధురాలి కోరికను మన్నించలేకపోయాను. నా నిర్ణయం సరైనదనే భావిస్తున్నాను. అయినా ఆమెకు నేను పడిన బాకీ ఈ వాదంతో తీరేది కాదు.