చావింటికి వచ్చే అన్నం

మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. వియ్యాలవారో ఇరుగుపొరుగో వండి క్యారేజీల్లో తెస్తారు. ఆకలి లేదన్నా వినరు, పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తినిపించిగాని లేవరు. యూదుల ఇళ్లలోనూ ఖననం తర్వాతి తొలి భోజనం పొరుగువారే తేవాలి. ఆ తర్వాత ఏడు రోజులు ఇంటివారు సాధారణంగా గడప దాటరు, పలకరించేవాళ్లే వస్తారు. యుద్ధంలో తన బంధువు జాఫర్ మరణించినప్పుడు ఆయన ఇంటివారికి భోజనం సిద్ధం చేయమని ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది. పోయినవాళ్లు ఎక్కడికి వెళ్తారన్న విషయంలో ఈ మతాలకు పొంతన లేదు. ఉన్నవాళ్లను ఎలా చూసుకోవాలన్న దగ్గర మాత్రం అన్నీ ఒకే పని చెప్పాయి. అందుకే, శోకంలో మనసును నిలబెట్టేది పరలోకం మీద నమ్మకం కన్నా, దుఃఖంలో ఉన్నవాళ్లను ఒంటరిగా వదలకూడదన్న కట్టుబాటేనని నా అభిప్రాయం.

ప్రేమ ఉన్నవాళ్లు కట్టుబాటు లేకపోయినా వస్తారు కదా అనవచ్చు. అందరూ రారు. ఏం మాట్లాడాలో తోచక ప్రేమ ఉన్నవాళ్లే వెనకాడతారు. పరామర్శ ఆనవాయితీ అయినచోట మాట రాకపోయినా వెళ్లి కూర్చోవచ్చు. దుఃఖంలో ఉన్నవాళ్లకూ రేపేం చేయాలన్న ప్రశ్న ఉండదు: మూడో రోజు చిన్నకర్మ, పదో పదకొండో రోజు పెద్దకర్మ, నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. మధ్యలో దగ్గరివాళ్లు తమ ఇంటికి నిద్రకు తీసుకెళ్తారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022లో తన వ్యాధి నిర్ధారణ గ్రంథంలో దీర్ఘకాలిక శోకాన్ని రుగ్మతగా చేర్చినప్పుడు, పెద్దవాళ్లలో కనీసం 12 నెలలు గడిచాకే ఆ నిర్ధారణ చేయాలంది. మన పూర్వులకు మనోవైద్యం ముందే తెలుసని దీన్నిబట్టి చెప్పడం అతిశయోక్తి. శోకానికి గడువు కావాలని మాత్రం వాళ్లు గమనించారు. రెండు రోజుల సెలవు, వాట్సాప్‌లో ఒక 'ఓం శాంతి' ఇచ్చి, సోమవారానికి మామూలు మనిషివి కమ్మంటున్నది మనమే.

నమ్మకం లేనివాడు పిండం పెడితే అది బూటకం కాదా? పితృలోకం ఉందని ఒప్పుకోనివాడు కూడా తండ్రి పేరు పదిమంది ఎదుట పలకడంలో అబద్ధమేమీ లేదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. అవే పది రోజుల చివర భార్య గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, ఆ తర్వాత శుభకార్యాలకు ఆమెను దూరం పెట్టిన ఇళ్లు మనకు తెలుసు. దీన్ని సమర్థించడానికి ఏ వాదనా చాలదు. అందరికన్నా ఎక్కువ నష్టపోయిన మనిషిని ఒంటరిని చేసే తంతు, పైన చెప్పిన కట్టుబాటుకే ద్రోహం. కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ 2022 మేలో ఇలాంటి ఆచారాలను నిషేధిస్తూ తీర్మానం చేసింది. అన్నం తెచ్చే సంప్రదాయాన్ని ఉంచుకుని, గాజులు పగలగొట్టే సంప్రదాయాన్ని మాన్పించే అధికారం ఊరికి ఉందని ఆ తీర్మానంతో రుజువైంది.

తంతులన్నీ సక్రమంగా జరిగినా కొందరు కోలుకోరు. నిద్ర పట్టదు, తిండి సయించదు, చావే మేలనిపిస్తుంది. అక్కడ మందూ మనోవైద్యుడూ కావాలి. మొక్కులతో కాలయాపన చేస్తే ప్రాణం పోవచ్చు. చావాలన్న మాట వినబడితే ఏడాది పూర్తి కావాలని ఆగకూడదు. అయితే ఆ మాట ముందుగా వినగలిగేది మాసికానికి వచ్చి పక్కన కూర్చున్న మేనత్తో, పెదనాన్నో. ఆసుపత్రికి వెంటబెట్టుకుని వెళ్లాల్సిందీ వాళ్లే.